కోచింగ్ కంపెనీ షేరు కొనవచ్చా?

ప్రశ్న: మా అన్న కొడుకు హైదరాబాదులో చదువుతున్న కోచింగ్ సెంటరులో సీటు దొరకడమే కష్టంగా ఉంది. ఆ కంపెనీ షేరు మార్కెట్లో ఉంది. వానాకాలం వడ్లు అమ్మిన డబ్బులో రెండు లక్షలు అందులో పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సీటు దొరకకపోవడం వేరు, వాటాదారుకు లాభం మిగలడం వేరు. మన దేశంలో గుర్తింపు పొందిన బడులను, కళాశాలలను సాధారణంగా ట్రస్టులు, సొసైటీలే నడపాలి. సుప్రీంకోర్టు కూడా 2002లో టీఎంఏ పాయ్ కేసులో సముచితమైన మిగులుకు ఒప్పుకొన్నదే కాని లాభార్జనకు కాదు. అందుకే కంపెనీ ఆదాయం ఎక్కువగా కోచింగు నుంచో, ట్రస్టుకు ఇచ్చే భవనాల అద్దె, సేవల రుసుముల నుంచో వస్తుంది. వార్షిక నివేదికలో సంబంధిత పక్షాల (యజమానులు, వారి కుటుంబ సంస్థలు) లావాదేవీల పేజీ తెరిచి, యజమాని కుటుంబానికి చెందిన ట్రస్టుకు కంపెనీ ఎంత అప్పిచ్చిందో ముందు చూడండి.

అంతకన్నా ముఖ్యమైనది ముందుగా వసూలు చేసే ఫీజు. జూన్‌లో రెండేళ్ల కోర్సుకు 1,20,000 రూపాయలు కట్టించుకుంటే, మార్చి ఆఖరుకు పది నెలల పాఠం అయింది కాబట్టి 50,000 మాత్రమే ఆదాయం; మిగతా 70,000 ఇంకా చెప్పవలసిన పాఠాల బాకీగా అప్పుల వైపు ఉంటుంది. అడ్మిషన్లు తగ్గినప్పుడు ముందు తరిగేది ఈ అంకె, లాభం ఆ తరువాత తగ్గుతుంది. లాభం పెరుగుతూ ఈ అంకె పడిపోతుంటే ఆ షేరు జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. పైగా, మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలనీ, పదహారేళ్లు నిండనివారిని చేర్చుకోరాదనీ కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

రాని బాకీల సంగతి వేరు. బడులకు స్మార్ట్ క్లాసులు అమర్చి, సొమ్ము వాయిదాలలో రాబట్టుకొనే పద్ధతిలో ఎదిగిన ఎడ్యుకాంప్ 2006లో మార్కెట్లోకి వచ్చి, వసూళ్లు మందగించి, అప్పులు పెరిగి 2017లో దివాలా ప్రక్రియకు చేరింది. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలతో మన కళాశాలలు పడే అవస్థ మీకు తెలిసిందే. అటువంటి కళాశాలలకు సేవలమ్మే కంపెనీ లాభం కాగితం మీద కనిపించినా, డబ్బు చేతికి వచ్చేదాకా లాభం కాదు. అందుకే లాభనష్టాల పట్టిక పక్కన నిజంగా చేతికి వచ్చిన, చేతి నుంచి పోయిన డబ్బు చూపే నగదు ప్రవాహ పట్టిక కూడా చదవండి. స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈల వెబ్‌సైట్లలో ఇవి ఉచితం.

పేరున్న అధ్యాపకుడు పోటీ సంస్థకు వెళ్లిపోతే విద్యార్థులు అతని వెంటే పోయే వ్యాపారం ఇది. కాబట్టి మీ వడ్ల డబ్బులో యాసంగి నాట్ల కూలికీ, ఎరువులకూ పోను మిగిలిన దానిలో చిన్న భాగమే ఇందులో పెట్టండి, అదీ రెండు మూడేళ్ల నివేదికలు చూశాకే.