టెక్ సందేహాలు: ఆటలో ఏ తెగ మీది?

సెలవులు మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ప్రింటర్లు, పాస్‌వర్డ్‌లు వెనక్కి వెళ్లి రోల్‌ప్లేయింగ్ గేములు, అంటే ఒక పాత్రను ఎంచుకుని ఆ పాత్రగా ఆడేవి, ముందుకొస్తాయి. అందరూ అడిగేది ఒకటే: సన్నని చురుకైన ఎల్ఫా, బండబలమున్న ఆర్కా, పొట్టి గట్టి డ్వార్ఫా, మామూలు మనిషా? ఈ వారం చోటంతా వాటికే ఇస్తున్నాను. ఆ ఉత్తరాల్లో ఒకటి నన్ను నిజంగా భయపెట్టింది.

ప్రశ్న: ఫోనులో ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ మొదలుపెట్టాను. ఐదు తెగలు ఇచ్చారు. వీడియోలన్నీ ఎల్ఫ్ మేలంటున్నాయి. తీసుకున్నాను. మొదటి గంటలోనే చచ్చి చచ్చి విసుగొచ్చింది. తప్పెక్కడ?
- డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆ వీడియోల్లో ఏ తెగ మేలో చూపే పట్టికను నమ్మి తెగను ఎంచుకోవడంలో ఉంది. ఆ పట్టికలు వేసేవాళ్లు ఆఖరి లెవల్‌కు చేరి, మేలైన ఆయుధాలన్నీ సంపాదించాక ఏ తెగ ఎంత దెబ్బ కొడుతుందో లెక్కగడతారు. మీరున్నది మొదటి గంటలో. అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: శత్రువు కనిపించగానే మీ బొటనవేలు ముందుగా ఏ బటన్ మీదికి వెళ్తుంది?

ముందుకు దూకే స్వభావమైతే తొందరపాటును క్షమించే తెగ కావాలి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 గేమ్‌లో హాఫ్ ఆర్క్ ప్రాణం సున్నాకు పడిపోయినా కూలిపోడు, ఒక్క పాయింటుతో నిలబడతాడు. పూర్తి విశ్రాంతి తీసుకున్నాక ఆ అవకాశం మళ్లీ వస్తుంది. 2011 నాటి స్కైరిమ్‌లో ఆర్క్ రోజుకొకసారి 60 సెకన్లపాటు సగం దెబ్బే తింటాడు, రెట్టింపు దెబ్బ కొడతాడు. ఈ రెండూ ఆగలేని మనిషికి ఇచ్చిన వరాలు. ఎల్ఫ్‌కు ఇచ్చిన వరం దూరం. బాల్డర్స్ గేట్ 3లో వుడ్ ఎల్ఫ్ ఒక వంతులో 10.5 మీటర్లు కదలగలడు. మనిషికి 9 మీటర్లు, డ్వార్ఫ్‌కు 7.5. చూడటానికి చిన్న తేడానే, కానీ విలుకాడి ప్రాణం అందులోనే ఉంది. బాణం వేసి, కత్తికి అందనంత వెనక్కి జరిగిపోవచ్చు. మీ గేమ్ వేరు కావచ్చు, తర్కం మాత్రం ఇదే. ఎల్ఫ్‌ను తీసుకుని ఆర్క్‌లా మీద పడితే ఎవరైనా చస్తారు.

స్నేహితులను కాపాడుతూ ముందు నిలబడటం ఇష్టమైనవారికి డ్వార్ఫ్. విషం సగమే పనిచేస్తుంది, అందులోనూ గోల్డ్ డ్వార్ఫ్‌కు ప్రతి లెవల్‌కూ ఒక ప్రాణం పాయింటు అదనం. మాటలతో, దొంగతనంతో, సాహసంతో నెట్టుకొచ్చేవారికి చిన్నపాటి మనిషిలా ఉండే హాఫ్లింగ్. ఇరవై ముఖాల పాచిక మీద 1 పడితే మళ్లీ వేసుకోవచ్చు, ప్రతిదీ పాచిక మీద ఆధారపడే ఆటలో అది చిన్న వరం కాదు. మనిషి తెగను అందరూ చప్పిడి అంటారు, నేను ఒప్పుకోను. బాల్డర్స్ గేట్ 3లో మనిషికి చీకట్లో చూపు లేదు, నిజమే. కానీ మిగతావారికంటే పావు వంతు ఎక్కువ బరువు మోస్తాడు, తేలికపాటి కవచం, ఈటె వాడకం పుట్టుకతోనే వస్తాయి. దారిలో కనిపించిన ప్రతి కుండా, ప్రతి కత్తీ సంచిలో వేసుకునేవారు ఇంకో తెగ వైపు చూడనక్కర్లేదు.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ సరిగా చెప్పడం లేదు. తెగతో వచ్చే లాభాలు రెండు రకాలు: ఆడి సంపాదించుకోగలిగినవి, ఎంత ఆడినా సంపాదించలేనివి. స్కైరిమ్‌లో 10 తెగలున్నాయి. ప్రతిదానికీ ఒక నైపుణ్యంలో 10, మరో ఐదింటిలో 5 చొప్పున ముందే కలిపి ఇస్తారు. పట్టికలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. కానీ ఏ తెగవారైనా ఏ నైపుణ్యాన్నైనా 100 వరకు పెంచుకోవచ్చు గనుక కొన్ని రోజులు ఆడితే ఆ తేడా చెరిగిపోతుంది. బ్రెటన్ తెగ పుట్టుకతో తెచ్చుకునే 25 శాతం మంత్ర నిరోధం చెరగదు, ఆఖరి పోరాటం వరకు మీతోనే ఉంటుంది. ఏ గేమ్‌లోనైనా తెగ పేజీ తెరిచినప్పుడు మొదటి రకం అంకెలను పక్కనపెట్టి రెండో రకాన్ని మాత్రమే చదవండి. ఎంపిక చాలా తేలికవుతుంది.

మీ నెట్, మీ ఫోను కూడా లెక్కలోకి రావాలి. హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకే వైఫై మీద పడతారు. చిత్తూరు బస్సులో కూర్చుని ఆడేవారికి టవర్ మారిన ప్రతిసారీ సిగ్నల్ తడబడుతుంది. మీరు నొక్కింది సర్వర్‌కు చేరి జవాబు రావడానికి పట్టే సమయం, అంటే పింగ్, 60 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు చురుకైన తెగతో దెబ్బ తప్పించుకోవడం సాధ్యమే. అది 300కు పెరిగితే మీ తెర మీద మీరు తప్పుకున్నట్టే కనిపిస్తారు, సర్వర్ లెక్కలో మాత్రం దెబ్బ తిని ఉంటారు. అలాంటి నెట్ ఉన్నవారు దెబ్బలు ఓర్చుకునే తెగనో, వెనక నిలబడి వైద్యం చేసే తెగనో తీసుకోవాలి. ఇక మన వేసవి. తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఫోను వేడెక్కి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు అస్థిపంజరాల దండును పిలిచే తెగతో ఆడితే తెర నిండా బొమ్మలు, కదలికలో కుదుపులు. పాత ఫోను ఉన్నవారు, చార్జింగ్ పెట్టి ఆడేవారు ఆ తెగ జోలికి వెళ్లవద్దు.

ప్రశ్న: నా ఆర్క్ నచ్చలేదు. తెగ మార్చుకోవాలంటే గేమ్‌లో డబ్బు అడుగుతున్నారు. ఉచితంగా మార్చే యాప్ ఒకటి ఒక గ్రూపులో దొరికింది. ప్లే ప్రొటెక్ట్ (హానికరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ కాపలా) ఆపమంటోంది, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతోంది. ఇవ్వవచ్చా? ఫోను మా అమ్మది.
- ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఇవ్వవద్దు. ఈపాటికే ఇచ్చి ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఈ జవాబులో "ఇచ్చేసినవారు" అని మొదలయ్యే చోటికి వెళ్లండి.

ఆన్‌లైన్ గేమ్‌లో మీ పాత్ర మీ ఫోనులో ఉండదు. తెగ, లెవల్, సంచిలోని బంగారం అన్నీ గేమ్ నడిపేవారి సర్వర్‌లో నమోదై ఉంటాయి. ఫోను చేసేది వాటిని చూపించడం, మీరు నొక్కినదాన్ని అక్కడికి పంపడం. అందుకే మీ ఫోనులో వేసుకున్న ఏ యాప్ కూడా సర్వర్‌లో రాసి ఉన్న తెగను చెరిపి మరొకటి రాయలేదు. ఆ యాప్ చేస్తానన్న పని అసలు చేయలేనిదైతే, మరి దాన్ని దేనికి తయారుచేశారు? జవాబు అది అడిగిన అనుమతుల్లోనే ఉంది.

యాక్సెసిబిలిటీ అన్నది చూపు లేనివారికి తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు సరిగా కదపలేనివారి తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన సదుపాయం. ఆ పనికి అంత శక్తి కావాలి, అందుకే ఇచ్చారు. అదే శక్తి దొంగ యాప్‌కు దొరికితే మీ తెరను అది చదువుతుంది, మీ తరఫున అది నొక్కుతుంది. అమ్మ బ్యాంకు యాప్ తెరవగానే దాని మీద అచ్చం అలాంటిదే ఇంకో తెరను పరుస్తుంది. అమ్మ పిన్ కొట్టేది ఆ నకిలీ తెర మీద. ఓటీపీ వస్తే నోటిఫికేషన్‌లోంచి తీసుకుంటుంది. అనుమానం వచ్చి తొలగించబోతే సెట్టింగ్స్ పేజీని తెరిచిన మరుక్షణమే మూసేస్తుంది. ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కాపలా ఉంటే పట్టుబడుతుంది కాబట్టి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది "ఫోను మా అమ్మది" అన్న చివరి మాట. ఆ ఫోనులోని సిమ్‌కు బ్యాంకు ఖాతా, యూపీఐ, గ్యాస్ సబ్సిడీ, డ్వాక్రా వాయిదా, అన్నీ కట్టి ఉంటాయి. పోయేది మీ ఆర్క్ కాదు, ఇంటి డబ్బు. నకిలీ దర్శనం వెబ్‌సైట్ల గురించి టీటీడీ పలుమార్లు హెచ్చరించింది. మన దగ్గర చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పుడు టికెట్ తీసుకునే ముందు వెబ్‌సైట్ పేరును అక్షరం అక్షరం సరిచూస్తున్నారు. అదే ఇంట్లో పిల్లలు ఎవరు రాశారో తెలియని ఏపీకే ఫైలును (యాప్‌ను నేరుగా ఫోనులో వేసే ఫైలు) గ్రూపులో నుంచి తీసుకుని అదే ఫోనులో వేస్తున్నారు. పెద్దవాళ్లు నేర్చుకున్న జాగ్రత్తను ఆ పిల్లలకూ చెప్పండి.

ఇచ్చేసినవారు వెంటనే చేయాల్సింది: వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపండి. ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ నిలిపివేయించండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని దాచిపెట్టి ఒక రాత్రి గడపడం కంటే పెద్ద నష్టం లేదు. తర్వాత ఫోనును, మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ యాప్ అనుమతి తీసేసి తొలగించండి. ఆ పైన ఫొటోలు, కాంటాక్టులు భద్రపరచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నా సలహా. పాస్‌వర్డ్‌లు మార్చేది మాత్రం శుభ్రమైన వేరే పరికరం నుంచే.

కంప్యూటర్‌లో నెట్ లేకుండా ఆడే గేముల సంగతి వేరు. అక్కడ పాత్ర మీ హార్డ్ డిస్క్‌లోనే ఉంటుంది. స్కైరిమ్‌లో కన్సోల్, అంటే ఆదేశాలు టైప్ చేసే పెట్టె, తెరిచి ఒక ఆదేశం ఇస్తే తెగను ఎంచుకునే పేజీ మళ్లీ వస్తుంది. దానికి బయటి యాప్ ఏదీ అక్కర్లేదు. కాకపోతే ముందు ఆటను వేరుగా సేవ్ చేసుకోండి, నడుమ తెగ మారిస్తే నైపుణ్యాల అంకెలు చెదిరిపోతాయి.

కావలసిన తెగలో పెద్ద లెవల్ ఉన్న ఖాతాను ఎవరి దగ్గరో కొనుక్కుందామని ఇద్దరు ముగ్గురు రాశారు. వద్దు. ఖాతా తెరిచిన ఈమెయిల్ అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. డబ్బు చేతికి అందాక పాస్‌వర్డ్ మర్చిపోయానని చెప్పి ఖాతాను వెనక్కి తీసుకోవడం అతనికి రెండు నిమిషాల పని.

ప్రశ్న: మొన్నటి అప్‌డేట్‌లో నా డ్వార్ఫ్ తెగ బలం బాగా తగ్గించారు. అన్నీ వదిలేసి కొత్త తెగతో మొదటి నుంచి ఆడాలా?
- ప్రైవేటు ఉద్యోగి, రేణిగుంట

జవాబు: ఆగండి. ఒక అప్‌డేట్‌లో తగ్గించినదాన్ని తర్వాతి దాంట్లో కొంత తిరిగి ఇవ్వడం మామూలే.

నా కోపం వేరే చోట ఉంది. ఆట ఏమిటో తెలియని మొదటి ఐదు నిమిషాల్లోనే తెగను ఎంచుకోమంటారు. ఆ ఎంపికకు తిరుగు లేదని చిన్న అక్షరాల్లో రాస్తారు. నెలల తరబడి ఆడించాక ఆ తెగ బలం తగ్గిస్తారు. అప్పుడు తెగ మార్చుకునే టోకెన్‌ను అంగడిలో పెడతారు. ఈ నాలుగు పనులూ విడివిడిగా చూస్తే మామూలుగానే ఉంటాయి, కలిపి చూస్తే వసూలు యంత్రం. పై ప్రశ్న రాసిన ఇంటర్ విద్యార్థిని దొంగ యాప్ వైపు నెట్టింది కూడా ఇదే డిజైన్.

1974లో పాచికలతో, కాగితం మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు నియమాలు చాలా కఠినంగా ఉండేవి. డ్వార్ఫ్ యోధుడు మాత్రమే కాగలడు, అదీ ఆరో లెవల్ దగ్గర ఆగిపోవాలి. హాఫ్లింగ్‌కు నాలుగో లెవల్‌తో సరి. మనిషికి ఈ హద్దులు లేవు. 2024 నియమాల పుస్తకానికి వచ్చేసరికి బలం, తెలివి వంటి అంకెల పెంపును తెగ నుంచి పూర్తిగా తీసేసి, పాత్ర గతంలో ఏం పని చేసేది అన్నదానికి కట్టారు. డ్వార్ఫ్ పండితుడైనా, ఆర్క్ మంత్రగాడైనా ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు. పుట్టుక చూసి శిక్షించడం తప్పని తెలుసుకోవడానికి కాగితం మీది ఆటకు 50 ఏళ్లు పట్టింది. అదే శిక్షను ఫోను గేములు మళ్లీ తెచ్చి, మినహాయింపును డబ్బుకు అమ్ముతున్నాయి. పదో లెవల్ వరకు తెగను ఉచితంగా మార్చుకోనివ్వడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. సర్వర్‌లో ఒక అంకె మారిస్తే చాలు. అప్‌డేట్‌తో ఒక తెగ బలం తగ్గించినప్పుడు ఆ తెగవారందరికీ ఒకసారి మార్చుకునే అవకాశం ఇవ్వడం కనీస మర్యాద. ఆ మర్యాద లేని గేమ్‌కు డబ్బు కట్టకండి. తక్కువ రేటింగ్ ఇచ్చి, కారణం కూడా రాయండి.

ప్రశ్న: మేం నలుగురం యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాం. ఫోన్లు పక్కనపెట్టి పాచికలతో ఆడదామనుకుంటున్నాం. పుస్తకాల ధర మాకు అందదు, పైరసీ పీడీఎఫ్‌లు ఉన్నాయి. తెగలు ఎలా పంచుకోవాలి?
- విద్యార్థినులు, తిరుపతి

జవాబు: పైరసీ ఫైళ్లు అక్కర్లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అధికారిక వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. తొమ్మిది తెగల వివరాలు అందులోనే ఉన్నాయి.

ఒకరు కథ నడపాలి గనుక పాత్రలు ముగ్గురివే. ముగ్గురూ ఎల్ఫ్‌లైనా ఆట ఆగదు. ఒకరికైనా చీకట్లో చూపు ఉండాలి, ఒకరైనా దెబ్బలకు ఓర్చుకోవాలి, అంతవరకు చూసుకుంటే చాలు. మీలో అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయికి హాఫ్లింగ్ ఇవ్వండి. 1 పడ్డప్పుడల్లా పాచిక మళ్లీ వేయవచ్చు కాబట్టి ఆమె ధైర్యంగా మాట్లాడుతుంది, మిగతా ఇద్దరూ ఆమె వేసే పాచిక కోసం ఎదురుచూస్తారు. ఇరవై ముఖాల పాచిక ఊళ్లో దొరకకపోతే ఇరవై చీటీలు రాసి డబ్బాలో వేయండి. తీసిన చీటీని ప్రతిసారీ మళ్లీ డబ్బాలో వేసి కలపడం మాత్రం మరవకండి, లేకపోతే పదో వంతుకల్లా ఏ అంకెలు మిగిలాయో అందరికీ తెలిసిపోతుంది.