అమ్మ పేరున 20 వేలు: ఎక్కడ ఇస్తే మంచిది?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా అమ్మ కోరుట్ల దగ్గరి పల్లెలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టి అన్నయ్యనూ నన్నూ చదివించింది. చివరి రోజుల్లో వరంగల్ ఎంజీఎం సర్కారు ఆస్పత్రిలో ఉంచాం. వైశాఖంలో ఆమె సంవత్సరీకం. జీతంలోంచి దాచిన 20 వేలు ఆమె పేరున ఇద్దామనుకుంటున్నాను. అన్నయ్య ఊళ్లో గుడి దగ్గర అన్నదానం చేసి ఫ్లెక్సీ కట్టిద్దామంటాడు. మా ఆయన ఏదైనా ఆశ్రమానికి ఆన్‌లైన్‌లో పంపితే పన్ను తగ్గుతుందంటారు. నాకేమో ఆస్పత్రిలో కింద పడుకున్న రాత్రి పక్క బెడ్డు వాళ్ల అమ్మాయి ఇచ్చిన చద్దరే గుర్తొస్తోంది. ఏం చేయమంటారు? ఇచ్చింది చెప్పుకుంటే పుణ్యం పోతుందంటారు, నిజమేనా?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ఆ చద్దరు మాట దగ్గర ఆగిపోయాను. నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అలాంటి రాత్రులు చాలా చూశాను.

సర్కారు దవాఖానలో వైద్యానికి పైసలు పట్టవు. ఖర్చంతా దాని చుట్టూ ఉంటుంది. ఏటూరునాగారం నుంచో మంగపేట నుంచో అర్ధరాత్రి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు తెల్లారేసరికి బకెట్టు, మగ్గు, సబ్బు, చద్దరు, ముసలివాళ్లుంటే డైపర్లు కావాలి. పేషెంటుకు భోజనం వార్డులోకే వస్తుంది, వెంట ఉన్నవాళ్లు బయట కొనుక్కోవాలి. అన్నిటికంటే కష్టం డిశ్చార్జి రోజు. కాలికి కట్టుతో ఉన్న మనిషి బస్సెక్కలేడు, ఆటో కిరాయికి చేతిలో ఏమీ మిగలదు. పుట్టినరోజులకు వచ్చి అరటిపండ్లు, బ్రెడ్డు పంచేవాళ్లు చాలామందే ఉన్నారు, మంచిదే. కిరాయి సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. మీరు నేరుగా వెళ్లి వార్డు సిస్టర్‌ను అడగండి. ఏ మంచం దగ్గర ఏం లేదో ఆమెకు తెలుసు. 20 వేలూ ఒక్కరోజే పెట్టేయకండి. నెలకింత అనుకుంటే ఏడాదంతా వస్తాయి.

మీ అన్నయ్యను ఆపకండి. అమ్మతో కలిసి బీడీలు చుట్టిన ఆడవాళ్లు వచ్చి కూర్చునేది ఆ పంక్తిలోనే. వాళ్లలో దారం కట్టడానికి చూపు ఆనక ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉంటారు. ఒక్కొక్కరికి కంటి పరీక్ష చేయించి అద్దాలు ఇప్పించమనండి, అది కూడా అమ్మ పేరునే.

ఇక చెప్పుకోవడం గురించి. పుణ్యం లెక్కలు నాకు తెలియవు. మీరిచ్చింది విని ఇంకొకరు ఇస్తారనుకుంటే తప్పకుండా చెప్పండి. తీసుకునేవాళ్ల ఫొటో మాత్రం తీయవద్దు, ఫ్లెక్సీ మీద అసలే వద్దు. ఆ మనిషికి రేపు ఊళ్లో పిల్లల సంబంధాలు చూసుకోవాల్సి ఉంటుంది.

నేనెందుకు ఇస్తున్నానో కూడా చెబుతాను. మా నాయినకు ఆపరేషన్ అన్నప్పుడు రక్తం దొరక్క తిరుగుతుంటే, అప్పటి ఆర్ఈసీ, ఇప్పటి ఎన్ఐటీలో చదివే పిల్లవాడొకడు వచ్చి ఇచ్చి, పేరైనా చెప్పకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. రుణం తీర్చుకుందామంటే ఎవరో తెలియదు. అందుకే వయసు దాటేదాకా నేనూ రక్తం ఇస్తూ వచ్చాను. పెత్రమాస నాడు నాయిన పేరున అయ్యగారికి బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు ఇస్తాను. అదే సామాను ఇంకో సంచిలో కట్టి తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, ఉన్న పిల్లవాడి ఇంటికి పంపుతాను.

మీ అమ్మ సంవత్సరీకం ఎండాకాలంలో పడింది కాబట్టి ఇంకో మాట. కాలేజీల్లో పెట్టే శిబిరాల నుంచి చాలా రక్తం వస్తుంది. వేసవి సెలవులిస్తే అవి ఉండవు. ఎర్రకణాలను 35 నుంచి 42 రోజులకు మించి దాచలేరు. తలసేమియా పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్లకు సెలవుల్లేవు. 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్, వేరే జబ్బేమీ లేకపోవడం, ఇవి సరిపోతే ఆ రోజు మీరే ఇవ్వొచ్చు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. సూది అంటే టెన్షన్ పడేవాళ్లు పడుకొని పక్కకు చూస్తే చాలు, కాసేపట్లో అయిపోతుంది.

మీ ఆయన అడిగిన పన్ను సంగతి: విరాళాలకు 80జి పేరుతో తెలిసిన పన్ను మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. సంస్థకు ఆ గుర్తింపు ఉండాలి, నగదుగా ఇచ్చేది 2,000 రూపాయలు దాటకూడదు. బకెట్లకు, చద్దర్లకు, ఆటో కిరాయికి పన్నులో ఏమీ తగ్గదు. ఆశ్రమానికే ఇవ్వాలని ఆయనకు గట్టిగా ఉంటే, డబ్బు పంపేముందు ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లి, వంటగది, అక్కడుండేవాళ్లు పడుకునే చోటు చూసి రండి.