కెర్బు రాయి ఎత్తు నిర్ణయించే ముందు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాసేది.

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఆసుపత్రి వీధికి రెండు వైపులా కెర్బు (రోడ్డు అంచున నిలిపే రాళ్ళ వరుస), ఫుట్‌పాత్ వేసే పనికి ఎస్టిమేటు నిన్నే తయారు చేయమన్నారని తెలిసి చాలా సంతోషించాను. వాహనాల చప్పుడుకు రోగులు నిద్రపోలేకపోతున్నారని కొందరూ, ఇప్పుడున్న అంచురాళ్ళు తగిలి టైర్లు చీలిపోతున్నాయనీ బంపర్లు విరుగుతున్నాయనీ మరికొందరూ ఫిర్యాదు చేశారని రాశావు. ఎంత ఎత్తు రాయి వేస్తే చప్పుడు ఆగుతుందని నన్ను అడిగావు. గుంటూరులోనూ విజయవాడలోనూ ముప్పై ఏళ్ళకు పైగా వీధులు వేయించినవాడిగా నేను ముందు చెప్పవలసింది ఇదే: ఎంత ఎత్తు రాయి వేసినా అది చప్పుడును ఆపదు.

కారణం నువ్వు చదువుకున్నదే. టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు పుట్టే చప్పుడులో ఎక్కువ భాగం సెకనుకు 1000 కంపనాల చుట్టుపక్కల ఉంటుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ తరంగం పొడవు 34 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందులో సగం కూడా లేని 15 సెంటీమీటర్ల రాయిని అది తేలికగా దాటిపోతుంది. ఇంజను, హారను మోగేది అంతకంటె ఎత్తులోనే కాబట్టి వాటికి ఆ రాయి ఉన్నా లేనట్టే. అందువల్ల ఎస్టిమేటులో శబ్దం తగ్గించడానికి ఎత్తైన కెర్బు వేస్తున్నామని రాయవద్దు. అయితే రోడ్డు అంచున మనం చేసిన తప్పుల వల్ల పుట్టే చప్పుళ్ళు వేరే ఉన్నాయి. కాలువ మూతల దడదడ, అంచు గుంటలో చక్రం పడిన దెబ్బ, బస్సు అడ్డంగా ఆగితే వెనకవాళ్ళు మోగించే హారన్లు, ఇవన్నీ కెర్బు సరిగా వేస్తే చాలావరకు పోయేవే. నిద్ర చెడగొట్టేవి కూడా ఎక్కువగా ఇవే. ఏకధాటిగా వినిపించే హోరుకు మనిషి కొంత అలవాటు పడతాడు గాని, ఉన్నట్టుండి వచ్చే దెబ్బకు ఉలిక్కిపడి లేస్తాడు.

విజయవాడలో పనిచేసిన రోజుల్లో గుండె జబ్బున్న ఒక పెద్దావిడ మా ఆఫీసుకు వచ్చి, రాత్రిళ్ళు తమ ఇంటి ముందు లారీలు తిరగకుండా చేయమని బతిమాలేవారు. అది మా చేతిలో లేదని రెండుసార్లు చెప్పి పంపించాను. మూడోసారి ఆవిడ వచ్చినప్పుడు నాకే మనసొప్పక, ఆ రాత్రి పదకొండు గంటలకు వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. గంటన్నర సేపు విన్న తర్వాత, ఆవిడను లేపుతున్నది లారీల హోరు కాదనీ, సైడు కాలువ మీద పరిచిన కాంక్రీటు పలకల్లో ఒకే ఒక్కటి అనీ అర్థమైంది. ఆ పలక నాలుగు మూలల్లో ఒకటి కాలువ గోడకు ఆనలేదు. చక్రం ఎక్కినప్పుడు ఒక దెబ్బ, దిగినప్పుడు ఇంకొక దెబ్బ. మరునాడు మేస్త్రిని పంపి, పలక ఎత్తించి, గోడ తలను చదును చేయించి, ఒకటికి మూడు పాళ్ళ సిమెంటు మాలు పరిపించి, అది పచ్చిగా ఉండగానే పలకను దాని మీద కూర్చోబెట్టించాను. ఆ పనికి అరబస్తా సిమెంటు కూడా పట్టలేదు. రెండు నెలలపాటు ఆవిడను ఊరికే తిప్పి పంపినందుకు నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది.

అందుకే నువ్వు డ్రాయింగు మొదలుపెట్టే ముందు కనీసం రెండు రాత్రులు ఆ వీధిలో గడుపు. ఒంటరిగా వెళ్ళవద్దు, వర్క్ ఇన్‌స్పెక్టరును తోడు తీసుకుని వెళ్ళు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించకూడదు. నిజం చెప్పాలంటే మన వీధుల్లో ఆ హద్దును ఒక్క కెర్బుతో అందుకోలేం. కాని ధబ్బుమన్న ప్రతి చోటునూ సుద్దముక్కతో గుర్తుపెట్టి, పొద్దున వెళ్ళి చూస్తే, దాదాపు ప్రతి గుర్తు కిందా మనం సరిచేయగలిగిన లోపమే కనిపిస్తుంది.

కొత్తగా వేసేటప్పుడు కాలువ పలకలన్నీ అంచురాయికి వెనక, ఫుట్‌పాత్ కింద ఉండేటట్టు చూడు; చక్రం నడిచే దారిలో ఒక్క పలక కూడా ఉండకూడదు. నీరు పోవడానికి రోడ్డు మీద జాలీలు పెట్టడం కంటె రాయి ముఖంలోనే పక్కకు కంతలు విడిచిపెట్టడం మేలు. తప్పనిసరై జాలీ పెట్టవలసి వస్తే, దాని కమ్మీలు వాహనాలు పోయే దిశకు అడ్డంగా ఉండాలి, లేకపోతే సైకిలు చక్రం అందులో దిగబడుతుంది. దాని చట్రం కింద రబ్బరు పట్టీ వేయించు. మన ఊళ్ళు చదునైన నేల మీద ఉన్నాయి కనుక నీరు దానంతట అది పారిపోతుందని అనుకోవద్దు. రోడ్డు అడ్డవాలు, అంటే నడుమ నుంచి అంచు వైపు ఉండే వాలు, నూటికి రెండు నుంచి రెండున్నర పాళ్ళు ఉండాలి. అంతేకాక అంచు వెంబడి కంత నుంచి కంతకు కూడా వాలు ఉందో లేదో లెవెలు పెట్టి చూసుకో. తారుకు నీటిని మించిన శత్రువు లేదు. రాయి మొదట్లో నీరు నిలిచిందంటే ఒకటి రెండు వానాకాలాలకే అంచు తెగి గుంట పడుతుంది. ఆ గుంటలో పడ్డ చక్రానికి రిమ్ము వంగుతుంది, అదే క్షణంలో ఎదురింటివాడికి నిద్రాభంగం అవుతుంది. నీకు వచ్చిన రెండు ఫిర్యాదులకూ చాలా చోట్ల మూలం ఒక్కటే.

ఇక రాయి ఆకారం. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పేర్కొన్న మూడు రకాలు నీకు తెలుసు: అవసరమైతే చక్రం ఎక్కి దిగగలిగే 10 సెంటీమీటర్ల పొట్టి రాయి, 15 సెంటీమీటర్ల మధ్యరకం, 20 సెంటీమీటర్ల అడ్డురాయి. ఆసుపత్రి వీధి లాంటి చోట మధ్యరకం మించవద్దు. కారు అంచుకు ఆగినప్పుడు అడ్డవాలు వల్ల ఫుట్‌పాత్ వైపుకే ఒరిగి ఉంటుంది. రాయి 20 సెంటీమీటర్లుంటే తలుపు తీయగానే దాని కింది అంచు రాయిని గీరుతుంది. ముందు బంపరు కింది అంచు కూడా చాలా కార్లకు జానెడు ఎత్తును పెద్దగా మించదు. పైగా రాయి ఎత్తుగా, నిట్టనిలువుగా ఉంటే డ్రైవర్లు భయపడి జానెడు నుంచి మూరెడు దూరంగా జరిగి నడుపుతారు, ఆ మేరకు రోడ్డు ఇరుకైనట్టే. వృద్ధులు, కాలు విరిగినవారు ఆ ఫుట్‌పాత్ ఎక్కవలసి ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకో. దాటే చోట రాయిని రోడ్డు మట్టానికి దించి, పన్నెండుకు ఒకటి వాలుతో ర్యాంపు ఇవ్వు.

ఎత్తు కంటె ఎక్కువగా టైరును చంపేది రాయి పైఅంచు. కత్తిలాంటి అంచుకు టైరు పక్కభాగం నలిగితే లోపలి దారాలు తెగి, బయటికి బొబ్బలా ఉబ్బుతుంది, ఆ టైరు ఇక పనికిరాదు. అందుచేత రాయి ముఖం కొద్దిగా వెనక్కు వాలి, పైఅంచు కనీసం రెండు సెంటీమీటర్ల గుండ్రంతో ఉండాలని డ్రాయింగులో స్పష్టంగా చూపించు. అచ్చులో పోసిన రాళ్ళు వచ్చినప్పుడు అరచేతితో తడిమి చూడు. చేతికి గుచ్చుకున్న రాయిని వెనక్కు పంపించు. పాత రాళ్ళ మీద టైర్లు రాసిన నల్లటి చారలను, పెచ్చులూడిన చోట్లను కూడా ఓపికగా చదువు. వాహనాలు ఎక్కడ ఇరుక్కుంటున్నాయో సర్వే కంటె అవే బాగా చెబుతాయి.

ఆ చారలు ఎక్కువగా మలుపుల దగ్గరే కనిపిస్తాయి. నేను కొత్తలో ఒక కూడలి మలుపులో నిడుపాటి రాళ్ళనే ముక్కలు చేయకుండా పెట్టించాను. దూరం నుంచి చూస్తే గుండ్రంగానే ఉండేది గాని, నిజానికి అది పలుపలకల గీత. ప్రతి రెండు రాళ్ళు కలిసే చోటా ఒక కోణం ముందుకు పొడుచుకుని వచ్చేది. బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం దారిలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఆ కోణాలన్నీ ఆ చక్రాలకే తగిలేవి. ఒక ఆటోకు ముందు చక్రం ఏటవాలుగా రాయి ఎక్కి బండి పక్కకు పడిపోయింది, దేవుడి దయవల్ల లోపల ప్రయాణికులు లేరు. ఆ తర్వాత ఆ మలుపంతా పీకించి, మూరెడు కూడా లేని ముక్కలతో మళ్ళీ కట్టించాను. మలుపులో రాళ్ళ పొడవు ఎంతో డ్రాయింగులో రాయకపోతే కంట్రాక్టరు నిడుపాటివే పెడతాడు, అది అతని తప్పు కాదు. మలుపు వ్యాసార్ధం మాత్రం మరీ పెంచవద్దు, పెంచితే వాహనాలు వేగం తగ్గించకుండా తిరుగుతాయి. మిర్చి యార్డు వైపు వెళ్ళే దారుల్లాగా బరువు లారీలు, ట్రాక్టర్లు తిరిగే చోట రాయి వెనక కాంక్రీటు ఆనింపు తప్పనిసరి. లేకపోతే ఒక్క సీజనుకే రాళ్ళు ఒరిగిపోతాయి.

బస్‌స్టాపు సంగతి విడిగా ఆలోచించు. రాయికి టైరు తగులుతుందన్న భయంతో డ్రైవరు దూరంగా ఆపుతాడు, ప్రయాణికులు రోడ్డు మీదికి దిగి ఎక్కుతారు, వెనక వాహనాలు దాటే దారి లేక హారన్లు మోగిస్తాయి. విజయవాడ బందరు రోడ్డు మీద నేను ఏళ్ళ తరబడి చూసినది ఇదే. జర్మనీలోని కాసెల్ నగరం పేరుతో పిలిచే ఒక రకం అంచురాయి ఉంది. దాని ముఖం లోపలికి గుండ్రంగా తొలిచినట్టు, నున్నగా ఉంటుంది. దగ్గరికి వచ్చిన టైరు ఆ ఒంపు మీద కొద్దిగా ఎక్కి, తనంతట తానే జారి వరుసలోకి వస్తుంది, పక్కభాగం నలగదు. అచ్చు చేయించడం మన పోతపనివాళ్ళకు కష్టమేమీ కాదు. ఆసుపత్రి ముందున్న ఒక్క స్టాపుకైనా అలాంటిది ప్రతిపాదించి చూడు. అయితే అక్కడ ఆటోలు నిలవకుండా చూడకపోతే ఎంత మంచి రాయి వేసినా బస్సు దగ్గరికి రాదు కనుక, ఆటోలకు వేరే చోటు కూడా అదే డ్రాయింగులో చూపించాలి.

మన బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే ఇంకొకటి ఉంది. గేటు ముందు రాయి ఎత్తుగా ఉంటే ఇంటివాళ్ళు స్కూటరు ఎక్కించడానికి రోడ్డు మీదికి సిమెంటు వాలు పోసుకుంటారు. దానితో నీరు ఆగుతుంది, పక్కగా పోయే ప్రతి బండీ దాని మీద ఎగిరి పడుతుంది. వాళ్ళను తప్పుపట్టి ప్రయోజనం లేదు, మనం దారి ఇవ్వలేదు కనుక వాళ్ళు చేసుకున్నారు. ప్రతి గేటునూ నడిచి కొలిచి, అక్కడ రాయి ఎత్తును రెండు సెంటీమీటర్లకు దించి, ఇరువైపులా మీటరు పొడవున మెల్లగా పైకి తీసుకుపో. పని మొదలయ్యే ముందు ప్రతి ఇంటికీ వెళ్ళి మాట్లాడు, ఆ వారం రోజుల శ్రమ తర్వాత ఎన్నో ఏళ్ళ గొడవ తప్పిస్తుంది.

నువ్వు ఇంత జాగ్రత్తగా నిర్ణయించిన ఎత్తు నిలవాలంటే రోడ్డు మళ్ళీ వేసేవాళ్ళ మీద కూడా కన్నుండాలి. పాత తారు గీకకుండా నాలుగేసి సెంటీమీటర్ల పొర వేసుకుంటూ పోతే 15 సెంటీమీటర్ల రాయి నాలుగు పొరలకు కనుమరుగైపోతుంది, కంతలు మూసుకుపోతాయి, మ్యాన్‌హోల్ మూతలు గుంటల్లా లోపలికి పోయి మళ్ళీ దడదడ మొదలవుతుంది. మిల్లింగు చేసి, అంటే పాత తారును యంత్రంతో గీకి తీసి, మూతలను కొత్త మట్టానికి ఎత్తిన తర్వాతే తారు వేయాలన్న షరతు ఫైలులో ఇప్పుడే రాసిపెట్టు.

చప్పుడు విషయంలో చివరిగా రెండు మాటలు. వీధి వెడల్పు ఒప్పుకుంటే అంచురాయికీ నడిచే దారికీ మధ్య మీటరు వెడల్పున మట్టి పట్టీ వదిలి గడ్డి, మొక్కలు పెట్టించు. ఒక వరుస చెట్లు చప్పుడును ఆపుతాయన్నది నిజం కాదు గాని, గుల్ల మట్టి కొంత ధ్వనిని పీల్చుకుంటుంది, వాన నీటిని కూడా తాగుతుంది. కాంక్రీటు ఆ రెండూ చేయదు. నడిచేవారికి 1.8 మీటర్లు మిగిలిన తర్వాతే ఆ పట్టీ సంగతి ఆలోచించు. అందంగా ఉంటాయని ఎవరైనా చెప్పినా చక్రాలు నడిచే భాగంలో పేవర్ టైల్స్ వేయనివ్వవద్దు, వాటి సందులు ప్రతి టైరు కిందా గరగరమంటాయి. నున్నని తారే ఆ వీధికి తగినది.

వచ్చే ఆదివారం రాత్రి నేనే వస్తాను. టేపు, సుద్దముక్క, టార్చిలైటు తీసుకురా. ఆసుపత్రి గేటు నుంచి కూడలి మలుపు దాకా ఇద్దరం నడిచి చూసిన తర్వాతే ఎత్తుల పట్టిక నింపుదువు గాని, అప్పటి దాకా డ్రాయింగులో ఆ గడులు ఖాళీగానే ఉంచు.

ఆశీస్సులతో,
మీ మామయ్య