గీజర్ సరే, ముందు ఎర్తింగ్ చూడు అమ్మలూ

అమ్మలూ,

మొదటి జీతంతో ఇంట్లో కొత్త గీజర్ పెట్టిస్తున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. దాని గొంతులో సంతోషం ఆగట్లేదు. ధనుర్మాసంలో తెల్లారకుండానే లేచి పెరట్లో కాగు కింద పుల్లలు ఎగదోస్తూ, పొగకి కళ్లు నలుపుకుంటూ ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచిన పిల్ల అది. ఇప్పుడు దానికి కూతురు గీజర్ కొనిపెడుతోందంటే ఈ మావయ్యకి ఎంత గర్వంగా ఉంటుందో నీకేం తెలుసు! అంతలోనే ఇంకో మాట కూడా చెప్పింది, పాతది నువ్వే ఊడదీసి కొత్తది నువ్వే తగిలిస్తావట, వీడియోలు చూసి నేర్చుకున్నావట. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. ఆ ఇంటి వైరింగ్ సంగతి నాకు తెలుసు కదమ్మా.

కొనడం గురించి ముందు చెప్పేస్తాను, అదంత పెద్ద విషయం కాదు. ఉండేది ఇద్దరు, చేసేది బకెట్ స్నానాలు, 15 లీటర్లది చాలు. 60 డిగ్రీలకి కాగిన 15 లీటర్లలో చన్నీళ్లు కలుపుకుంటే దగ్గర దగ్గర రెండు బకెట్లు వస్తాయి, 2 కిలోవాట్లదైతే ఇరవై నిమిషాల్లో కాగుతుంది. 25 లీటర్లది షవర్ కింద నిలబడేవాళ్లకి. ఐఎస్ఐ మార్కు, స్టార్ లేబుల్ చూడు, స్టార్లు ఎక్కువున్నదాంట్లో వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. ఎంత నీటి ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే లెక్క బార్, షాపువాడు 8 బార్, 8 బార్ అని ఊదరగొడతాడు. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే వచ్చేది ఒక బార్, మీ ట్యాంకు మేడ మీదే ఉంది, ఆ 8 బార్ గొడవ పెద్ద అపార్ట్‌మెంట్లకీ ప్రెషర్ పంపు పెట్టుకున్నవాళ్లకీ. మీది బోరు నీళ్లు కాబట్టి ట్యాంకు బదులు తను అరిగే లోపలి మెగ్నీషియం రాడ్‌ని ఏడాదికోసారి విప్పి చూపించాలి, అది అరిగిపోతే తర్వాత తుప్పు తినేది ట్యాంకునే. గ్యాస్ గీజర్ మాట మాత్రం ఎత్తకు. తలుపులేసుకున్న బాత్రూంలో కార్బన్ మోనాక్సైడ్ చేరిందంటే వాసన కూడా రాదు, మనిషి అక్కడే కూలిపోతాడు.

ఇప్పుడు నా భయం చెబుతాను, ఇది మాత్రం నిదానంగా చదువు.

హుద్‌హుద్ గుర్తుంది కదా, 2014 అక్టోబరు 12. విజయనగరంలో స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు. లైన్లు మళ్లీ వచ్చిన కొన్నాళ్లకి, మీ వీధికి దగ్గర్లోనే, ఒక రిటైర్డ్ మాస్టారింట్లో తెల్లవారుజామున లైట్లు ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకున్నారు, ఎవరైనా అదే అనుకుంటారు. మాస్టారు టార్చ్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి కుళాయి మీద చెయ్యి వేశారు, అంతే, విసిరికొట్టినట్టు వెళ్లి గోడకి పడ్డారు. భుజం జారింది. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి మనిషి మిగిలారు. ఇంట్లో కరెంటే లేదు, గీజర్ స్విచ్ ఆపేసే ఉంది, మరి షాక్ ఎలా కొట్టింది? నన్ను పిలిస్తే వెళ్లి కుళాయికి టెస్టర్ పెట్టాను, వెలిగింది. మెయిన్ దించేసి గీజర్ సాకెట్ విప్పాను. లోపల వేలెడంత నల్ల తీగ ముక్క, ఒక కొస ఎర్త్ స్క్రూకి, రెండో కొస న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ స్క్రూకి బిగించి ఉంది. లీకయిన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ గొయ్యి తవ్వే పని తప్పించుకోవడానికి ఎవడో వైర్‌మన్ చేసిన పని అది. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిపోయింది. వేసి ఉన్న ఫ్యాన్ గుండా వచ్చిన ఫేజ్‌కి, అంటే ఇంట్లోకి కరెంటు తెచ్చే తీగలోని కరెంటుకి, బయటికి పోయే దారి లేక, ఆ ముక్క మీదుగా గీజర్ బాడీకి, అక్కణ్నుంచి ఇనుప పైపుకి, కుళాయికి ఎక్కి కూర్చుంది. స్విచ్ ఆపేది ఫేజ్‌ని మాత్రమే తల్లీ, ఎర్త్ పిన్ను ఎప్పుడూ కలిసే ఉంటుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే, అలాంటి సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసినా బల్బు బ్రహ్మాండంగా వెలుగుతుంది. ఎర్త్ బాగుంది అని సంతకం పెట్టేసి పోయేవాళ్లున్నారు. సాకెట్ విప్పి కళ్లతో చూడాల్సిందే. కరెంటు లీకయితే పసిగట్టి సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించు, కానీ ఆ ముక్క ఉంటే గీజర్‌లో లీకయిన కరెంటు మళ్లీ న్యూట్రల్‌లోనే తిరిగిపోతుంది, దానికి తెలియదు, పడిపోదు. నువ్వు ఇంజినీరింగ్ చదివావు, నీ తెలివిని నేను తక్కువ చెయ్యట్లేదు. మేకు కొట్టి డబ్బా తగిలించడం నీకో లెక్క కాదు, వీడియోలో చూపించేది కూడా అంతే. మీ ఇంటి గోడలో ఏ మహానుభావుడు ఏం కలిపాడో ఏ వీడియో చూపిస్తుంది చెప్పు? రోజూ తడి చేత్తో ఆ కుళాయి తిప్పేది మీ అమ్మ.

కాబట్టి వైర్‌మన్‌ని పిలు. మెయిన్ బోర్డు నుంచి నేరుగా 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), పెరట్లో కొత్త ఎర్త్ గొయ్యి. ఖర్చవుతుంది, అవనీ, గొయ్యి డబ్బులు నేనిస్తాను, కాదనకు. బిగించాక వేడి కుళాయిలో నీళ్లు ధార కట్టి వచ్చేదాకా స్విచ్ వెయ్యొద్దు, ట్యాంకు ఖాళీగా ఉంటే ఎలిమెంట్ మాడిపోతుంది. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడతాయి, పడాలి కూడా. లీకవుతోందని మీ ప్లంబర్ దానికి బిరడా కొడతానంటే ఒప్పుకోకు, ఆవిరి పోయే దారి అదొక్కటే.

వైర్‌మన్ ఏ రోజు వస్తాడో ముందే చెప్పు, శ్రీకాకుళంలో పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను, సాకెట్ నా ముందే విప్పాలి. అన్నట్టు పాత గీజర్ని ఎక్స్‌ఛేంజ్ అంటూ షాపువాడికి ఇచ్చెయ్యకు. అది మీ నాన్న కొన్న పాతకాలం సరుకు, లోపల రాగి ట్యాంకు ఉండొచ్చు. గీరి చూసి, రాగే అయితే రాగి ధరకి తూకం వేయించి ఇద్దాం.

మీ మావయ్య