అబ్బాయి చర్చికి రానంటున్నాడు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. తరతరాలుగా బాప్తిస్టు కుటుంబం. మా మామగారి ముత్తాత గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం తీసుకున్నవారిలో ఒకరని ఇంట్లో చెప్పుకుంటాం. మావారు చర్చి సంఘంలో డీకన్, అంటే సంఘ పరిచారకుడు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈఏపీసెట్ ఫారం నింపిన రోజు "ఆదివారం క్రైస్తవులం, ఎస్సీ సర్టిఫికెట్‌లో హిందువులం. మీరు నిజంగా నమ్మేది ఏది?" అని అడిగాడు. వాళ్ల నాన్న చెయ్యి చేసుకున్నారు. అప్పటినుంచి వాడు చర్చికి రావడం మానేశాడు. కుటుంబ ప్రార్థనకు కూర్చోకపోతే ఫోన్ ఇవ్వనని ఆయన పట్టుదల. "ఇంత కాలం నిలబడ్డ విశ్వాసం నీ చేతుల్లో పోతోంది" అని మా అత్తగారు నన్నే అంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు మీ అబ్బాయి మీద దిగులు కలగలేదు. దేవుడంటే లెక్కలేని పిల్లవాడికి ఆ ప్రశ్న తట్టదు. సండే స్కూల్లో అబద్ధమాడకూడదని మీరే నేర్పించారు, వాడు దాన్ని మనసుకు పట్టించుకున్నాడు. దానికి జవాబుగా దెబ్బ పడింది. వాడు దూరమైంది అక్కడ.

మీ ఇంటి కథనే మీవారికి ఒకసారి గుర్తు చేయండి. 1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. మాకు బాప్తిస్మం ఇవ్వండని వందలమంది వచ్చారు. కరువు సాయం అందుతున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ క్రీస్తు పేరు ఎత్తకూడదని ఆయన పట్టు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం ఎర చూపి తెచ్చే విశ్వాసం వద్దనుకున్న చోట మొదలైన కుటుంబం, ఇప్పుడు ఫోన్ చూపించి పిల్లవాణ్ణి ప్రార్థనలో కూర్చోబెడుతోంది. మీవారికి ఈ మాట కటువుగా తగలవచ్చు, అయినా చెప్పండి.

పైగా మీరు బాప్తిస్టులు. చంటిబిడ్డను మందిరంలో ప్రతిష్ఠ చేస్తారు గానీ బాప్తిస్మం ఇవ్వరు. ఎందుకు? ఎదిగాక వాడే నమ్మి, వాడి నోటితో వాడే ఒప్పుకోవాలని. పొలంలా ఇది రాసిచ్చే ఆస్తి కాదని మీ సంఘం మొదటినుంచీ బోధిస్తూనే ఉంది. కాబట్టి మీ అత్తగారు మీ మీద మోపుతున్న భారం అసలు మీరు మోయాల్సింది కాదు. వాడు నమ్మేలా చేయడం మీ చేతుల్లో లేదు. మీరు దేన్ని, ఎందుకు నమ్మారో వాడికి దాచకుండా చూపించడం మాత్రం పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. దీన్ని దాటేసి ఎన్ని వాక్యాలు చదివించినా లాభం లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. మతం మారితే ఊళ్లో చూపు మారిందా? మారలేదు. ఆ అన్యాయం నిజం, సీటు పోతుందన్న భయమూ నిజం. అదంతా వాడికి చెప్పండి. మీ మామగారి ముత్తాతల కాలంలో యేసును నమ్మడమంటే ఊరి పెద్దల కోపానికి ఎదురు నిలవడమని, తలెత్తుకుని నడవడమని కూడా చెప్పండి. అలాగని రాసినదాన్ని సమర్థించుకోకండి. భయపడి రాశామంటే వాడు అర్థం చేసుకుంటాడు, తప్పేముందంటే మాత్రం క్షమించడు. మతం మారినా రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అంది. అందుకని తెలిసిన వకీలుతో ముగ్గురూ కలిసి మాట్లాడండి. ఫారం మీద ఉండేది వాడి పేరు, ఏం రాయాలన్నదాంట్లో వాడి మాటా వినాలి. అందుకు కాస్త నష్టం భరించాల్సి వస్తే, మీ విశ్వాసం గురించి వాడు చూసే అతి పెద్ద సాక్ష్యం అదే అవుతుంది.

చెయ్యి చేసుకున్నందుకు తండ్రి క్షమాపణ అడగాలి. డీకన్ అయినందుకు ముందుగా అడగాలి. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. ఇతరులకు చదివి వినిపించే మాటే కదా.

కుటుంబ ప్రార్థన మానవద్దు. పది నిమిషాలకు కుదించండి. వాడు వస్తే సంతోషం, రాకపోతే పిలిచి విసిగించకండి. మనలో చాలామంది ఇళ్లలో ఒక లోటు ఉంది. అమ్మానాన్నలు గట్టిగా ప్రార్థించడం పిల్లలు వింటారు, వాళ్లు ఎప్పుడు సందేహించారో, ఎలా నిలబడ్డారో మాత్రం వినరు. మీ కథ మీరు చెప్పండి. అత్తగారిని కూడా కూర్చోబెట్టండి. బైబిల్లో పౌలు శిష్యుడు తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, ఆ ఇంట్లో విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకే నుంచి వచ్చిందని పౌలు రాశాడు. నిందించే బదులు ఆమె తన పెద్దల సంగతులు చెబితే మనవడు కాదంటాడా?

ఒక్క పని మాత్రం పరీక్షలోపే చేయాలి. ర్యాంకు తగ్గితే అది చర్చి మానేసినందుకు దేవుడు వేసిన శిక్ష అని ఇంట్లో ఎవరూ, వచ్చిపోయే ప్రార్థన గుంపులోనూ ఎవరూ అనరని వాళ్ల నాన్న వాడికి ఇప్పుడే మాటివ్వాలి. ఫోన్ కూడా ఏ షరతూ లేకుండా ఆ రోజే తిరిగి ఇచ్చేయాలి.