ఆగి ఉన్న రోబోను నమ్మకు తల్లీ

విజయనగరం

చిట్టితల్లికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న రథసప్తమికి అరసవల్లి వచ్చినప్పుడు, దర్శనం అయ్యాక నువ్వు పట్టుబట్టి నన్ను మీ కాలేజీకి తీసుకెళ్ళి రోబోటిక్స్ వర్క్‌షాపు చూపించావు. ఈ ఏడాది క్లబ్బు బాధ్యత నీకే అప్పగించారని విని ఎంత పొంగిపోయానో మీ అత్తయ్యని అడుగు. మన ఇంట్లో ఆడపిల్ల చేతిలో స్పానర్ చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. కానీ ఇంటికొచ్చాక రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. నీ స్నేహితుల ముందు చెబితే నీకు చిన్నతనంగా ఉంటుందని ఆ రోజు ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నేను చూసింది చెబుతాను. బల్ల మీద మీ రోబో ఉంది. ఒకబ్బాయి దాని మీదికి వంగి, చక్రానికీ మోటారుకీ మధ్య ఇరుక్కున్న వైరును చూపుడువేలితో బయటికి లాగుతున్నాడు. బ్యాటరీ ప్లగ్గు పెట్టే ఉంది. అవతలి బల్ల దగ్గర ఇంకొకబ్బాయి లాప్‌టాప్‌లోంచి దానికే కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తున్నాడు. వీడు ఏం చేస్తున్నాడో వాడికి తెలీదు, వాడి సంగతి వీడికి తెలీదు. ఆ నిమిషంలో ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఇలాంటి నిమిషాన్నే నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. అప్పుడు నాకు 22 ఏళ్ళు. మన జిల్లాలోనే ఒక జూట్ మిల్లులో ఫిట్టర్‌గా కొత్తగా చేరాను. నారను దువ్వే కార్డింగ్ మెషీను రోలర్ల నిండా ఇనుప ముళ్ళుంటాయి. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషీను ఆగింది. రోలర్‌కి నార చుట్టుకుపోయి ఉంటే, దాని మీద పనిచేసే ఆయన ఇదే సందని చెయ్యి పెట్టి తీయడం మొదలుపెట్టాడు. మామూలుగా అయితే కరెంటు పోగానే స్టార్టరు పడిపోతుంది, మళ్ళీ ఎవరో బటన్ నొక్కితే గానీ మోటారు తిరగదు. కానీ ఆ రోజుల్లో లోవోల్టేజీకి స్టార్టరు మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాంట్లో అగ్గిపుల్ల గుచ్చి పెట్టారు. కరెంటు వచ్చింది. ఆయన రెండు వేళ్ళు పోయాయి.

ఆ అగ్గిపుల్లని నేను పొద్దున్నే చూశాను తల్లీ. చూసి కూడా, పెద్ద మేస్త్రీకి తెలీదా, కొత్తగా వచ్చిన నేను చెప్పేదేమిటి అని నోరు మూసుకున్నాను. నలభై ఏళ్ళు దాటినా ఆ మధ్యాహ్నం నాకు నిన్నటిలాగే ఉంది.

అక్కడ నేర్చుకున్న పనే ఆ తర్వాత ఐటీఐలో నా దగ్గర ఫిట్టర్ ట్రేడ్ చదివిన ప్రతి పిల్లాడికీ నేర్పాను. మెషీనులో చెయ్యి పెట్టాలంటే ముందు ఫ్యూజు గ్రిప్పు పీకు. పీకి అక్కడే పక్కన పెట్టకు, నీ చొక్కా జేబులో వేసుకో. నీ చెయ్యి బయటికొచ్చేదాకా అది నీ జేబులోనే ఉండాలి. నిన్ను అడక్కుండా ఆ మెషీనును ఎవరూ తిప్పలేరు. మీ రోబోకి ఫ్యూజు గ్రిప్పు లేదు, కానీ పసుపు రంగు బ్యాటరీ ప్లగ్గు ఉంది కదా. అది తీసెయ్. తీసి, బ్యాటరీనే అక్కణ్ణుంచి తెచ్చి నీ ముందు పెట్టుకో. స్విచ్ ఆఫ్ చేశాం మావయ్యా అంటారు. స్విచ్‌ని ఎవరైనా ఆన్ చేయగలరు. ప్రోగ్రాంలో స్టాప్ ఇచ్చాం అంటే అసలు ఒప్పుకోకు.

మామూలు డ్రిల్లింగ్ మిషనుకి లేని గుణం రోబోకి ఒకటుంది. మనం దాన్ని తయారు చేసేదే మన చెయ్యి తగలకుండా తనంతట తాను కదలాలని. కదలకుండా ఉందంటే ఆగిపోయిందని అర్థం కాదు. సెన్సార్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు, టైమర్ లెక్కపెడుతూ ఉండొచ్చు, రిమోట్ సిగ్నల్ అందక నిలబడి ఉండొచ్చు. 1979 జనవరి 25న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫ్లాట్ రాక్ అనే ఊళ్ళోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో రాబర్ట్ విలియమ్స్ అనే పాతికేళ్ళ కార్మికుడు రోబో చెయ్యి తగిలి చనిపోయాడు. అరల్లోంచి విడిభాగాలు తీయడానికి పైకెక్కాడు, అదే పని చేసే రోబో చెయ్యి వెనకనుంచి వచ్చి తలకి కొట్టింది. రోబో వల్ల మనిషి చనిపోయినట్టు లోకానికి తెలిసిన మొదటి సంఘటన అదే. మీది చిన్న రోబో, నిజమే. కానీ వేలు నలిగిపోవడానికి పెద్ద రోబో అక్కర్లేదు, గేరున్న మోటారు చాలు.

కాబట్టి మీరు కొన్ని అలవాట్లు చేసుకోవాలి. కరెంటిచ్చి చూసే ప్రతిసారీ రోబోని రెండు చెక్క దిమ్మల మీద, చక్రాలు గాల్లో ఉండేలా పెట్టండి. ప్రోగ్రాం ఎక్కించేటప్పుడూ, బోర్డు రీసెట్ అయ్యేటప్పుడూ కొన్ని క్షణాలు మోటారుకి ఆజ్ఞలు పంపే బోర్డు పిన్నులు ఎవరి అదుపులోనూ ఉండవు, మోటారు ఒక్కసారి ఉలిక్కిపడి తిరగొచ్చు. చక్రం గాల్లో ఉంటే తిరిగి ఊరుకుంటుంది. బల్ల మీద ఉంటే రోబో మీ ఒళ్ళోకి వస్తుంది. డ్రోను అయితే రెక్కలు ఊడదీసి పక్కన పెట్టాకే మోటారు పరీక్ష. రిమోట్ ఉన్నదైతే ముందు రిమోట్ ఆన్ చేసి తర్వాత రోబోకి కరెంటివ్వాలి, ఆపేటప్పుడు ముందు రోబో, తర్వాత రిమోట్. రిమోట్ సిగ్నల్ తెగితే మోటార్లు వాటంతటవే ఆగేలా సెట్టింగ్ పెట్టి, నిజంగా రిమోట్ ఆపేసి చూడండి. ఆగిందని కళ్ళతో చూశాకే కింద పెట్టండి.

మీ రోబో మీద ఎర్ర బటన్ ఉందని ఆ పొడుగబ్బాయి గర్వంగా చూపించాడు. వైరు వెంట చూసుకుంటూ వెళ్తే అది రోబోలో ప్రోగ్రాంని నడిపే ఆర్డునో బోర్డుకి వెళ్తోంది. ఆ బోర్డే మొరాయిస్తే బటన్ నొక్కి ఏం లాభం? ఎమర్జెన్సీ బటన్ బ్యాటరీనుంచి మోటార్లకి వెళ్ళే లైనునే తెంపాలి. అన్నిటికంటే ముందు ఈ ఒక్కటీ మార్పించు.

ఇక బ్యాటరీలు. నాకు ఎక్కువ భయం వీటితోనే. మా కాలంలో ఇవి లేవు, నా దగ్గర చదివి ఇప్పుడు ఎలక్ట్రిక్ బళ్ళు బాగుచేస్తున్న కుర్రాడి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మీరు వాడే మూడు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ మీద 11.1 వోల్టులు అని రాసి ఉంటుంది, అంటే సెల్లుకి 3.7. నిండా చార్జ్ అయితే సెల్లు 4.2 వోల్టులు, దాన్ని దాటకూడదు. వాడేటప్పుడు 3 వోల్టుల కిందికి పోనివ్వకూడదు, 3.3 దగ్గరే ఆపేయడం మంచిది. మూడు సెల్లులూ సమానంగా నిండేలా చూసే బ్యాలెన్స్ చార్జరే వాడాలి. 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) బ్యాటరీ అయితే చార్జింగ్ కరెంటు 2.2 ఆంపియర్లకి మించి పెట్టకండి. రేపే పోటీ, బేగి అయిపోవాలి అని కరెంటు పెంచితే బ్యాటరీ లోపలే పాడవుతుంది, పైకి తెలీదు.

ఆ రోజు మీరు దాన్ని చెక్కబల్ల మీద, థర్మోకోల్ షీట్ల పక్కన చార్జింగ్ పెట్టి టీకి వెళ్దామన్నారు. ఇక మీదట చార్జింగ్ సిమెంటు గచ్చు మీదే. అడుగున ఇసుక పోసిన వెడల్పాటి మట్టికుండలో బ్యాటరీ పెట్టండి, చార్జరు మాత్రం బయటే ఉండాలి. మూత గట్టిగా బిగించకూడదు, పొగ పోవాలి. ఒక మనిషి అక్కడే ఉండాలి. రాత్రంతా చార్జింగ్ పెట్టి హాస్టల్‌కి వెళ్ళిపోవడం అనే మాటే ఉండకూడదు. నాలుగైదు రోజులు వాడం అనుకుంటే సెల్లు 3.8 వోల్టుల దగ్గర ఉంచి, ఎండ తగలని చోట ఇనప పెట్టెలో దాచండి.

బ్యాటరీ అప్పడంలా ఉబ్బితే దాని ఆయుష్షు తీరినట్టే. నొక్కి చూడకండి, గుచ్చి గాలి తీయకండి. ఇసుకలో పెట్టి బయట ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ బండిలో ఆ కార్మికుల చేతుల్లో అంటుకుంటుంది. ఇక నిప్పంటుకుంటే, దాని పొగ విషం. మంట చిన్నదై, దగ్గర్లో ఇసుక ఉంటే దూరంనుంచి కప్పి వెంటనే బయటికి వచ్చేయాలి. పొగ గది నిండితే వస్తువుల గురించి ఆలోచించకు. పిల్లల్ని బయటికి తీసుకొచ్చి 101కి ఫోన్ చెయ్యి.

11 వోల్టులు షాక్ కొట్టవు కదా అని వేళ్ళకి ఉంగరాలతో పనిచేస్తున్నారు. షాక్ కొట్టదు. కానీ రెండు కొసల మధ్యా ఉంగరం తగిలితే ఆ బ్యాటరీ పదుల ఆంపియర్లు ఒక్కసారే వదులుతుంది, ఉంగరం వేలి మీదే ఎర్రగా కాలుతుంది. నీ చేతికున్న అమ్మమ్మ గాజులు కూడా వర్క్‌షాపులోకి వెళ్ళేముందు తీసి బ్యాగులో పెట్టుకో. బ్యాటరీ వైర్లు కత్తిరించాల్సి వస్తే ఒక్కోటీ విడిగా కత్తిరించి, కొసకి టేపు చుట్టాకే రెండోది. రెండూ కలిపి కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే ఆ ప్లేయరే రెండిటినీ కలిపేస్తుంది.

డ్రిల్లింగ్ మిషను దగ్గర ఒకమ్మాయి గ్లౌజులు వేసుకుని ఉంది. జాగ్రత్త అనుకునే వేసుకుంది పాపం. తిరిగే మిషను దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు. బిట్టు గుడ్డని పట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. చున్నీ, మెళ్ళో వేలాడే ఐడీ కార్డు ట్యాగు, వదులు చేతులు, జడ, అన్నీ అంతే. జడ ముడి చుట్టి వెనక పిన్ను పెట్టుకోండి, చున్నీ తీసి పక్కన పెట్టండి. దీని గురించి ఎవరైనా అమ్మాయిలని ఏమైనా అంటే నాతో చెప్పు, నేను వచ్చి మాట్లాడతాను.

పల్చటి అల్యూమినియం రేకుని చేత్తో పట్టుకుని రంధ్రం వేయకండి. బిట్టు కింది వైపుకి దిగే ఆఖరి క్షణంలో రేకుని పట్టేసి గిర్రున తిప్పుతుంది, అది కత్తే. వైస్‌లో బిగించాలి, కింద చెక్కముక్క పెట్టాలి. బిట్టుని బిగించే చక్ కీ చక్కులోనే వదిలేసి స్విచ్ వేస్తే రాయిలా ఎగిరొస్తుంది. గ్రైండర్‌కి గార్డు తీయొద్దు. డిస్కు మీద రాసిన వేగం మిషను వేగం కంటే తక్కువ ఉంటే ఆ డిస్కు వాడొద్దు, అంచు పగిలినా అంతే. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. నిప్పురవ్వలు బ్యాటరీల వైపు పోకుండా ఆ పని వరండాలో పెట్టుకోండి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు మాకు గాగుల్స్ ఎందుకంటారు. పక్కలు తెరిచే ఉంటాయి కదా. రజను కంట్లో పడితే నలపకూడదు. గుచ్చుకుందనిపిస్తే ఎవరూ గుడ్డ కొసతో తీయొద్దు, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. సోల్డరింగ్ పొగ మొహానికి తగలకుండా చిన్న ఫ్యాను అవతలి వైపుకి తిప్పి పెట్టండి. లెడ్ ఉన్న సోల్డర్ పట్టుకున్న చేతులతో సమోసాలు తినొద్దు, సబ్బుతో కడుక్కున్నాకే. జారిపోతున్న సోల్డరింగ్ ఐరన్‌ని ఎవరూ పట్టుకోకూడదు, పడనివ్వండి. కాలితే ట్యాపు కింద ఇరవై నిమిషాలు నీళ్ళు. పేస్టూ, ఇంకూ పూయొద్దు.

మన వైపు గాలివాన వచ్చిన ప్రతిసారీ కరెంటు పోతుంది, ఎప్పుడొస్తుందో తెలీదు. పోగానే ప్రతి మిషను స్విచ్ ఆపేయాలి. ఇది ఒకరి పని అని పేరు రాసి గోడకి అంటించు. వర్క్‌షాపు 230 వోల్టుల లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైనుని తెంపేసే స్విచ్, ఉందో లేదో మీ కాలేజీ ఎలక్ట్రీషియన్‌ని అడుగు. ఉంటే నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడమను.

పోటీ ముందు రోజు రాత్రి రెండింటికి కూర్చుంటారని నాకు తెలుసు. కూర్చోండి, కానీ పన్నెండు దాటాక ప్రోగ్రాం పనే, గ్రైండర్, డ్రిల్లు ముట్టొద్దు. ఒంటరిగా ఎవరూ ఉండకూడదు, నువ్వు కూడా.

ఇంకొకటి అడుగుతాను, కాదనకు. ఫస్టియర్ గుంటల్ని కూర్చోబెట్టి చెప్పు, ఎవరికి అనుమానం వచ్చినా "ఆగండి" అని అరవొచ్చని. అరిస్తే అందరూ చేతులు తీసేయాలి, ఎందుకని తర్వాత అడగాలి. అనుమానం తప్పని తేలినా వాళ్ళ మీద ఎవరూ నవ్వకూడదు. నవ్వినవాళ్ళని ఆ రోజుకి బయటికి పంపెయ్. నాకు 22 ఏళ్ళప్పుడు అలా చెప్పినవాళ్ళు ఒక్కరున్నా ఆయన వేళ్ళు ఉండేవి.

ఆర్టీసీ పార్సిల్‌లో పది గాగుల్సూ, రెండు మట్టికుండలూ పంపుతున్నాను. గడ్డి చుట్టాను గానీ, దింపుకునేటప్పుడు చూసుకో. ఇసుక మీ నాగావళిది తెచ్చుకుని బాగా ఎండబెట్టండి, తడి ఉండకూడదు. ఎర్ర బటన్ వైరు మార్చాక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను చూసి చెబుతాను. అందాకా రోబోని దిమ్మల మీదే ఉంచు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య