బీటిల్ వేడెక్కుతున్నప్పుడు

చిరంజీవి మధుకు పెదనాన్న ఆశీస్సులు.

ఫీనిక్స్ ఎండల్లో నీ 1967 ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు పది మైళ్ళకే వేడెక్కి ఆయిల్ కాలిన వాసన వస్తున్నదనీ, వెనకనున్న ఇంజిన్ మూత తెరిచి నడిపితే నయమా అనీ అడిగావు. మూత వేసే ఉంచు. బండి పరుగులో ఉండగా వెనక సుడి తిరిగే వేడిగాలి అటునుంచి లోపలికి రావచ్చు. ముందు ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులనూ, వాటి అంచుల రబ్బరు పట్టీలనూ చూడు. ఈ బండికి రేడియేటరూ లేదు, నీళ్ళూ లేవు. జనరేటర్ ఇరుసుకే బిగించిన ఫ్యాను, వెనక అద్దం కింది చీలికల నుంచి వచ్చే గాలిని లాగి సిలిండర్ల మీదుగా కిందికి తోస్తుంది. పట్టీ చిరిగినా, ఒక్క రేకు లేకపోయినా, స్పార్క్ ప్లగ్గు తీగకుండే రబ్బరు టోపీ ఊడినా, కిందికి పోయిన సెగగాలే మళ్ళీ పైకి వచ్చి ఫ్యానులో పడుతుంది. ఇంజిన్ దించినవాళ్ళు ఒకటి రెండు రేకులు అక్కరలేదని పారేసిన బళ్ళను నేను చాలా చూశాను.

రెండోది మూడో సిలిండర్. అది ఎడమవైపు, బండి ముందువైపుకు ఉంటుంది. నీ ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ ఫ్యాను డొప్పలోపలే, సరిగ్గా దాని పైన నిలబడి ఉంటుంది కనుక, ఆ సిలిండర్‌కు అందే గాలి తక్కువ, అదీ వేడిగాలి. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకు జరిపి వేరే దారి ఇచ్చారు. 3,000 మైళ్ళకొకసారి, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద వాల్వు సందు, అంటే వాల్వు కొసకూ దాన్ని నొక్కే మీటకూ నడుమ ఖాళీ, 0.006 అంగుళానికి సరిచేయి. మూడోదాని ఎగ్జాస్ట్ వాల్వు (పొగ బయటికి పోయే వాల్వు) సందు మాత్రమే ప్రతిసారీ తగ్గిపోతూ ఉంటే, ఆ వాల్వు సాగుతున్నదని అర్థం. వాల్వు తల విరిగి పిస్టన్ మీద పడకముందే సిలిండర్ హెడ్డు దింపించు. ఆయిల్ కూడా అప్పుడే మార్చు. పట్టేది రెండున్నర లీటర్లే, చల్లబరిచే పనిలో దానికీ పెద్ద పాలే ఉంది.

జనరేటర్‌నూ ఫ్యానునూ తిప్పే బెల్టు గురించి నిన్ను బతిమాలుతున్నాను. మిషిగన్‌లో ఒక రాత్రి డాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగితే, బ్యాటరీ సంగతే కదా అని రెండు మైళ్ళు నడిపాను. బెల్టు తెగితే ఫ్యాను కూడా ఆగిపోతుందని తట్టలేదు. ఇంటి వీధి మలుపులో ఇంజిన్ బిగుసుకుపోయి సీజయింది. ఆ దీపం వెలిగిన క్షణంలోనే పక్కకు ఆపు. బొటనవేలితో నొక్కితే బెల్టు అర అంగుళం లోపలికి పోవాలి. వదులైతే కప్పీ రెండు ముక్కల నడుమనున్న షిమ్ములలో (పల్చటి రేకు ఉంగరాలలో) ఒకటి తీసి, పారేయకుండా, బయట నట్టు కింద పెట్టి బిగించు. కొత్త బెల్టుకు అది మళ్ళీ లోపలికి పోవాలి.

ఈ ఆదివారం వాల్వులు కొలిచి, మూడోదాని ఎగ్జాస్ట్ సందు ఎంత ఉన్నదో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న